రాన్సమ్‌వేర్ సోకిన కంప్యూటర్: తొలి నిమిషాల నుంచి ఫైళ్ల పునరుద్ధరణ దాకా

నిన్నటి వరకు తెరుచుకున్న ఫొటోలు, వర్డ్ పత్రాలు, ఎక్సెల్ పట్టికలు ఉన్నట్టుండి తెరుచుకోకపోవడం, ప్రతి ఫైలు పేరు చివర అంతకుముందు లేని నాలుగైదు అక్షరాలు వచ్చి చేరడం, ప్రతి ఫోల్డర్‌లోనూ ఒకే పేరుతో ఒక చిన్న టెక్స్ట్ ఫైలు కనిపించడం, ఈ మూడూ కలిసి కనిపిస్తే ఆ కంప్యూటర్‌కు రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లను బంధించి డబ్బు అడిగే వైరస్, సోకిందని దాదాపు నిర్ధారణకు రావచ్చు. ఆ టెక్స్ట్ ఫైలు తెరిస్తే, మీ ఫైళ్లను ఎన్‌క్రిప్ట్ చేశామని (కీ లేకుండా తెరవలేని రూపంలోకి మార్చామని), అవి తిరిగి కావాలంటే గడువులోగా బిట్‌కాయిన్ వంటి క్రిప్టోకరెన్సీలో సొమ్ము చెల్లించాలని బెదిరింపు ఉంటుంది.

ఈ స్థితిలో చాలామంది చేసే మొదటి పని యాంటీవైరస్‌తో స్కాన్ చేయడం, రెండో పని ఎవరికైనా ఇచ్చి ఫార్మాట్ చేయించడం. రెండూ ఎప్పుడో ఒకప్పుడు చేయవలసినవే అయినా ముందుగా చేయవలసినవి మాత్రం కావు. వైరస్‌ను తొలగించడం ఒక పని, ఫైళ్లను తిరిగి పొందడం వేరొక పని. మొదటిది పూర్తయినంత మాత్రాన రెండోది జరగదు. పైగా మొదటిది తొందరపడి చేస్తే రెండోదానికి మిగిలి ఉన్న కాస్త అవకాశమూ పోవచ్చు. ఎన్‌క్రిప్ట్ అయిన ఫైళ్లు పనికిరాని చెత్త అనుకుని చెరిపేసినవారు, ఏడాది తర్వాత వాటిని తెరిచే కీలు (రహస్య సంకేతాలు) ఉచితంగా బయటికి వచ్చినా ఏమీ చేయలేకపోతారు. కింద చెప్పిన క్రమమంతా ఈ ఒక్క విషయం మీద ఆధారపడి ఉంది కనుక, వీలైనంత వరకు ఈ వరుసలోనే పనులు జరగాలి.

ముందుగా నష్టాన్ని ఆపడం

బెదిరింపు నోట్ కనిపించేసరికే పని పూర్తయిపోయి ఉంటుందని అనుకోవడానికి లేదు. పెద్ద డిస్కుల మీద ఎన్‌క్రిప్షన్ గంటల తరబడి సాగవచ్చు, కొన్ని రకాలు ఒక్కో ఫోల్డర్ ముగియగానే అందులో నోట్ వదిలి తర్వాతి ఫోల్డర్‌కు వెళ్తాయి. కాబట్టి మొట్టమొదట కంప్యూటర్‌ను నెట్‌వర్క్ నుంచి విడదీయాలి. కేబుల్ ఉంటే లాగేయాలి, వైఫై ఆపేయాలి, బ్లూటూత్ కూడా ఆపేయాలి. యూఎస్‌బీ డ్రైవ్‌లు, బయటి హార్డ్ డిస్కులు తగిలించి ఉంటే వాటిని వెంటనే తీసేయాలి. సాధారణ సమయంలో పాటించే సేఫ్‌లీ రిమూవ్ పద్ధతి కోసం ఇప్పుడు ఆగవలసిన అవసరం లేదు. బ్యాకప్ ఉన్న డిస్కును, అందులో ఫైళ్లు బాగున్నాయో లేదో చూద్దామన్న ఆత్రంతో, ఈ కంప్యూటర్‌కు తగిలించకూడదు. ఆఖరి మంచి ప్రతి కూడా పోవడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు.

క్లౌడ్ సంగతి చాలామంది మరచిపోతారు. వన్‌డ్రైవ్, గూగుల్ డ్రైవ్, డ్రాప్‌బాక్స్ వంటివి కంప్యూటర్‌లోని ఫోల్డర్‌తో అనుసంధానమై ఉంటే, ఎన్‌క్రిప్ట్ అయిన ఫైలును అవి మామూలు మార్పుగానే భావించి క్లౌడ్‌లోకి చేర్చేస్తాయి. నెట్ తీసేయడంతో అది ఆగుతుంది. తిరిగి నెట్ తగిలించే ముందు సింక్‌ను ఆపి ఉంచాలి, ఇతర కంప్యూటర్లలో కూడా అదే ఖాతా ఉంటే అక్కడా ఆపాలి.

కంప్యూటర్‌ను ఆపేయాలా వద్దా అన్నది తర్వాతి ప్రశ్న. దీనిపై నిపుణుల్లోనే రెండు మాటలు వినిపిస్తాయి, రెండింటికీ కారణాలున్నాయి. ఆపేస్తే ఎన్‌క్రిప్షన్ ఆగుతుంది కానీ మెమరీలో (ర్యామ్‌లో) ఉన్నదంతా చెరిగిపోతుంది. 2017 మే 12న ప్రపంచమంతా వ్యాపించిన వానాక్రై విషయంలో ఇది స్పష్టంగా తేలింది. ఆ రాన్సమ్‌వేర్ కీని తయారు చేయడానికి వాడిన ప్రధాన సంఖ్యలు పాత విండోస్ వెర్షన్ల మెమరీలో అలాగే మిగిలిపోతున్నాయని ఫ్రెంచ్ పరిశోధకుడు ఆడ్రియన్ గినే గుర్తించగా, ఆ ఆధారంతో బెంజమిన్ డెల్పీ తయారు చేసిన వానాకివీ అనే సాధనం కొందరి ఫైళ్లను డబ్బు కట్టకుండానే తెరవగలిగింది. అయితే అది పనిచేయాలంటే వైరస్ సోకిన తర్వాత కంప్యూటర్‌ను ఒక్కసారి కూడా రీస్టార్ట్ చేసి ఉండకూడదు. అందువల్ల నా అభిప్రాయం ఇది: నెట్‌వర్క్ నుంచి విడదీశాక, కంప్యూటర్‌లో హైబర్నేట్ సౌకర్యం ఉంటే దాన్ని వాడాలి. అప్పుడు మెమరీలో ఉన్నది డిస్కు మీదికి చేరి భద్రంగా ఉంటుంది, నడుస్తున్న ప్రోగ్రామ్ కూడా ఆగుతుంది. హైబర్నేట్ లేకపోయి, ఫైళ్ల పేర్లు కళ్ల ముందే ఒక్కొక్కటిగా మారిపోతుంటే, పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపేయడమే మేలు. ఎప్పుడో దొరుకుతుందో లేదో తెలియని కీ కంటే ఇంకా చెడిపోని ఫైళ్లు విలువైనవి. ఏది చేసినా రీస్టార్ట్ మాత్రం చేయకూడదు. చాలా రకాలు విండోస్ మొదలవగానే తమంతట తామే మళ్లీ నడిచేలా ఏర్పాటు చేసుకుంటాయి.

ఇది ఒక కార్యాలయంలో జరిగితే, మీ కంప్యూటర్ ఒక్కటే సమస్య అనుకోకూడదు. షేర్డ్ ఫోల్డర్లలో, సర్వర్‌లో ఫైళ్ల పేర్లు మారాయేమో మరో కంప్యూటర్ నుంచి చూడమని నెట్‌వర్క్ బాధ్యులకు వెంటనే ఫోన్‌లో చెప్పాలి. ఆ సమాచారాన్ని ఆఫీసు ఈమెయిల్ ద్వారా పంపకపోవడం మంచిది, ఎందుకంటే లోపలికి చొరబడినవారు ఆ మెయిళ్లను చదువుతూ ఉండవచ్చు. పెద్ద సంస్థల మీద దాడి చేసేవారు ఎన్‌క్రిప్షన్ మొదలుపెట్టడానికి రోజుల ముందే, కొన్నిసార్లు వారాల ముందే లోపలికి చేరి, బ్యాకప్‌లు ఎక్కడున్నాయో వెతికి, ముందు వాటినే నాశనం చేస్తారు.

నిజంగా ఎన్‌క్రిప్ట్ అయ్యాయా?

నష్టం ఆగింది అనుకున్నాక ఒక నిమిషం ఇది చూసుకోవాలి. బ్రౌజర్‌లో తెర నిండా ఎర్రటి హెచ్చరిక, సైరన్ మోత, ఫలానా నంబరుకు ఫోన్ చేయమన్న ఆదేశం కనిపిస్తే అది చాలావరకు ఒక వెబ్‌పేజీ మాత్రమే. కంట్రోల్, ఆల్ట్, డిలీట్ నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచి బ్రౌజర్‌ను మూసేస్తే అది పోతుంది, ఫైళ్లకు ఏమీ కాదు. 2012 ప్రాంతంలో విస్తరించిన రెవెటన్ వంటివి పోలీసుల పేరుతో తెరను బంధించి జరిమానా కట్టమనేవి కానీ, ఫైళ్ల జోలికి వెళ్లేవి కావు. ఫైలు నిజంగా ఎన్‌క్రిప్ట్ అయిందా అన్నది తెలుసుకోవాలంటే, పేరు చివర కొత్తగా వచ్చిన అక్షరాలను (ఎక్స్‌టెన్షన్‌ను) తీసేసిన ఒక నకలును తెరిచి చూడాలి. కంప్యూటర్‌ను ఆపేసి ఉంటే, కింద చెప్పిన పద్ధతిలో నకలు తీశాకే ఈ పని చేయాలి. అసలు ఫైలు మీద ఈ ప్రయోగం చేయకూడదు. తెరుచుకుంటే పేరు మాత్రమే మార్చారని అర్థం, అటువంటి నాసిరకం రాన్సమ్‌వేర్ కూడా లేకపోలేదు.

సాక్ష్యాలను, ఫైళ్లను భద్రపరచడం

బెదిరింపు నోట్ కనిపిస్తున్న తెరను, వీలైతే కంప్యూటర్‌ను ఆపే ముందే, ఫోన్‌తో ఫొటో తీయాలి. ఫైళ్లకు చేరిన ఎక్స్‌టెన్షన్ ఏమిటో, మొదట ఎప్పుడు గమనించారో, దానికి ముందు ఏ ప్రోగ్రామ్ నడిపారో, ఏ అటాచ్‌మెంట్ తెరిచారో కాగితం మీద రాసి పెట్టుకోవాలి. మరునాటికి ఇవన్నీ కలగాపులగం అవుతాయి. నోట్ ఫైళ్లను తొలగించకూడదు, ఎన్‌క్రిప్ట్ అయిన ఫైళ్ల పేర్లు మార్చకూడదు, రిజిస్ట్రీ క్లీనర్ల వంటివి నడపకూడదు. నోట్‌లో ఉండే వ్యక్తిగత ఐడీ, కొన్ని రకాల్లో డిస్కు మీద మిగిలే ఒక చిన్న కీ ఫైలు, డిక్రిప్షన్‌కు, అంటే ఫైళ్లను తిరిగి తెరవడానికి, తప్పనిసరిగా కావలసినవి.

ఆ తర్వాత మొత్తం డిస్కును ఇంకొక ఖాళీ డిస్కు మీదికి యథాతథంగా ఇమేజ్ తీయడం అన్నిటికంటే ఉత్తమమైన పని. దీనికి సోకిన విండోస్‌ను మొదలుపెట్టకుండా, వేరే కంప్యూటర్‌లో తయారు చేసిన లైనక్స్ (విండోస్‌కు బదులు వాడే మరో ఆపరేటింగ్ సిస్టమ్) యూఎస్‌బీతో బూట్ చేయాలి. ఇమేజ్ తీయడం చేతకాకపోతే, అదే యూఎస్‌బీతో బూట్ చేసి, ముఖ్యమైన ఫోల్డర్లను నోట్‌తో సహా కాపీ చేసుకున్నా చాలు. ఇంకా సులువైన దారి ఒకటుంది: పాత డిస్కును విప్పి, దాని మీద తేదీ రాసి, పక్కన పెట్టి, కంప్యూటర్‌కు కొత్త డిస్కు వేయించుకోవడం. మరమ్మతుకు ఇచ్చే పక్షంలో, ఫార్మాట్ చేయవద్దని నోటి మాటగా చెప్పి ఊరుకోక, డిస్కును మీ దగ్గరే ఉంచుకుని మిగతా యంత్రాన్ని ఇవ్వడం క్షేమం.

లోపల జరిగిందేమిటి?

ఏది సాధ్యమో, ఏది అసాధ్యమో తెలియాలంటే ఎన్‌క్రిప్షన్ పద్ధతి కొంత అర్థం కావాలి. రాన్సమ్‌వేర్ సాధారణంగా రెండు రకాల ఎన్‌క్రిప్షన్‌ను కలిపి వాడుతుంది. ఏఈఎస్, సాల్సా20 వంటి వేగవంతమైన పద్ధతితో ఫైళ్లను ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. ఆ పనికి వాడిన కీని ఆర్‌ఎస్‌ఏ వంటి పద్ధతిలో నేరగాళ్ల పబ్లిక్ కీతో (మూయడానికే తప్ప తెరవడానికి పనికిరాని కీతో) మళ్లీ ఎన్‌క్రిప్ట్ చేసి, ఫైలు చివరనో వేరే చోటనో ఉంచుతుంది. దాన్ని తెరవగల ప్రైవేట్ కీ నేరగాళ్ల దగ్గరే ఉంటుంది, మీ కంప్యూటర్‌లోకి అసలు రాదు. సరిగ్గా రాసిన రాన్సమ్‌వేర్ అయితే ఆ కీని లెక్కకట్టి కనిపెట్టడం నేటి కంప్యూటర్లకు సాధ్యమయ్యే పని కాదు. అందువల్ల ఏ రాన్సమ్‌వేర్‌నైనా ఛేదిస్తామని ప్రకటించుకునే సంస్థలను నమ్మకూడదు. అటువంటి కొందరు వెనకదారిన నేరగాళ్లకే డబ్బు చెల్లించి, దానిపై తమ లాభం వేసుకుని వసూలు చేస్తారు.

ఎన్‌క్రిప్షన్‌కు ముందో వెనకో, రాన్సమ్‌వేర్ విండోస్ తనంతట తాను దాచుకునే షాడో కాపీలను (ఫైళ్ల పాత ప్రతులను), వీఎస్‌ఎస్ అడ్మిన్ అనే విండోస్ సొంత సాధనంతోనే తొలగిస్తుంది, రికవరీ సౌకర్యాన్ని నిలిపేస్తుంది. అయినా కొన్నిసార్లు ఆ తొలగింపుకు అడ్మినిస్ట్రేటర్ అనుమతి దొరక్క విఫలమవుతుంది కాబట్టి, షాడో కాపీలు మిగిలాయేమో చూడడం వృథా కాదు.

ఏ రకమో గుర్తించి, డిక్రిప్టర్ వెతకడం

సోకిన యంత్రంతో సంబంధం లేని మరో కంప్యూటర్ నుంచి ఈ పని చేయాలి. రెండు చోట్లు నమ్మదగినవి. మొదటిది ఐడీ రాన్సమ్‌వేర్ అనే సైటు. అందులో బెదిరింపు నోట్‌ను, ఎన్‌క్రిప్ట్ అయిన ఒక ఫైలును అప్‌లోడ్ చేస్తే, వెయ్యికి పైగా రకాల్లో అది ఏదో చెప్పి, ఆ ఫైళ్లను తిరిగి తెరిచే సాధనం, అంటే డిక్రిప్టర్, ఉందో లేదో కూడా తెలుపుతుంది. రెండోది నో మోర్ రాన్సమ్. 2016 జులైలో నెదర్లాండ్స్ పోలీసులు, యూరప్ ఉమ్మడి పోలీసు సంస్థ యూరోపోల్, భద్రతా సంస్థలు ఇంటెల్ సెక్యూరిటీ, కాస్పర్‌స్కీ కలిసి ప్రారంభించిన ఈ ప్రాజెక్టు సైటులో క్రిప్టో షెరిఫ్ అనే గుర్తింపు పేజీ, దానితోపాటు ఉచిత డిక్రిప్టర్ల జాబితా ఉంటాయి. అప్‌లోడ్ చేసేందుకు వ్యక్తిగత సమాచారం లేని ఫైలును ఎంచుకోవాలి. ఎక్స్‌టెన్షన్‌ను బట్టి మాత్రమే రకాన్ని నిర్ణయించకూడదు, ఒకే ఎక్స్‌టెన్షన్‌ను వేర్వేరు ముఠాలు వాడిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. వెతుకులాటలో ఆ ఎక్స్‌టెన్షన్ పేరుతోనే ఉచిత డిక్రిప్టర్ అంటూ కనిపించే తెలియని సైట్ల నుంచి ఏదీ దించుకోకూడదు. డిక్రిప్టర్ వేషంలో రెండో రాన్సమ్‌వేర్‌ను పంచినవారూ ఉన్నారు.

సొంత కంప్యూటర్ వాడేవారికి తరచుగా ఎదురైన స్టాప్ లేదా డీజేవీయూ అనే రకాన్ని దగ్గరగా చూస్తే ఈ విషయాలన్నీ తెలిసివస్తాయి. ఇది ముఖ్యంగా క్రాక్ చేసిన (డబ్బు కట్టకుండా వాడుకునేలా మార్చిన దొంగ ప్రతి) సాఫ్ట్‌వేర్‌తో వస్తుంది. దీని కొన్ని వెర్షన్లు ఫైళ్లను ఎన్‌క్రిప్ట్ చేస్తున్నంతసేపూ నకిలీ విండోస్ అప్‌డేట్ తెరను చూపించి, కంప్యూటర్ నెమ్మదించడానికి అదే కారణమని నమ్మిస్తాయి. దీని చాలా వెర్షన్లు వదిలే రీడ్‌మీ నోట్‌లో 980 డాలర్లు అడిగి, 72 గంటల్లోపు సంప్రదిస్తే సగానికి, అంటే 490 డాలర్లకు ఇస్తామంటారు. ఆ గడువు మీ ఆలోచనను తొందరపెట్టడానికే. నోట్ చివర ఉండే పొడవాటి వ్యక్తిగత ఐడీయే అసలు చూడవలసింది. వైరస్ తన సర్వర్‌ను చేరుకోగలిగితే ఒక్కో కంప్యూటర్‌కు ఒక్కో కొత్త కీ తెచ్చుకుంటుంది. చేరుకోలేకపోతే తనలోనే దాచుకున్న ఆఫ్‌లైన్ కీ వాడుతుంది, అది ఆ వెర్షన్ బారిన పడిన అందరికీ ఒకటే. ఐడీ చివర టీ అక్షరం, 1 అంకె ఉంటే ఆఫ్‌లైన్ కీ వాడిందని గుర్తు. ఆ కీ పరిశోధకులకు దొరికి ఉంటే ఎమ్సీసాఫ్ట్ సంస్థ ఉచిత డిక్రిప్టర్‌తో ఫైళ్లు తెరుచుకుంటాయి. ఇవాళ దొరకకపోయినా కొన్ని నెలల తర్వాత దొరకవచ్చు. ఆన్‌లైన్ కీ అయితే, 2019 ఆగస్టు తర్వాతి వెర్షన్లలో ఆ దారి మూసుకుపోయినట్టే.

అప్పటికీ ఒక అవకాశం ఉంటుంది. ఈ రకం ప్రతి ఫైలులో మొదటి 150 కిలోబైట్లను మాత్రమే ఎన్‌క్రిప్ట్ చేసి వేగం పెంచుకుంటుంది. రెండు పేజీల వర్డ్ పత్రం పూర్తిగా పోతుంది కానీ, 700 మెగాబైట్ల వీడియోలో దాదాపు అంతా చెక్కుచెదరకుండా ఉంటుంది. అదే కెమెరాతో, అదే సెట్టింగులతో తీసిన మంచి వీడియో ఇంకొకటి ఉంటే, వీడియో మరమ్మతు సాధనాలు దాని ఆధారంగా చెడిన భాగాన్ని పునర్నిర్మించి, మిగతాదాన్ని ఆడించగలవు. పెద్ద జిప్ ఫైలులో విషయసూచిక చివర ఉంటుంది కాబట్టి, మొదట్లో ఉన్న ఒకటి రెండు ఫైళ్లు తప్ప మిగతావన్నీ బయటికి తీయవచ్చు. ఫైళ్లను అన్నింటినీ ఒకే గాటన కట్టి పోయాయనుకోక, పరిమాణాన్ని బట్టి వేరుచేసి చూడాలని చెప్పడానికే ఇంత వివరంగా రాశాను. పెద్ద సంస్థల మీద ప్రయోగించే రకాలు కూడా పెద్ద ఫైళ్లలో అక్కడక్కడా భాగాలను మాత్రమే ఎన్‌క్రిప్ట్ చేయడం మామూలే, అందువల్ల డేటాబేస్ ఫైళ్ల నుంచి నిపుణులు కొంత సమాచారం వెలికితీయగలరు.

ఏ డిక్రిప్టర్ దొరికినా ముందుగా నకళ్ల మీద, అదీ నాలుగైదు ఫైళ్ల మీద ప్రయత్నించాలి. తప్పు కీతో డిక్రిప్ట్ చేస్తే ఫైలు మరింత చెడుతుంది.

ఇప్పుడు ఏ దారీ దొరకనివారు నిరాశపడి డిస్కును చెరిపేయకూడదని మళ్లీ చెబుతున్నాను, దీనికి ఉదాహరణలు చాలా ఉన్నాయి. 2013లో వచ్చిన క్రిప్టోలాకర్ కీలు, మరుసటి ఏడాది దాని వెనకున్న నెట్‌వర్క్‌ను పోలీసులు కూల్చాక బాధితులకు ఉచితంగా అందాయి. టెస్లాక్రిప్ట్‌ను నడిపినవారు 2016 మేలో దుకాణం కట్టేసి మాస్టర్ కీని బయటపెట్టారు. షేడ్ ముఠా 2020 ఏప్రిల్‌లో ఏడున్నర లక్షలకు పైగా కీలను ప్రచురించింది. 2021 జులై 13కు ముందు రెవిల్ అనే రాన్సమ్‌వేర్ బారిన పడినవారి కోసం బిట్‌డిఫెండర్ సంస్థ ఆ ఏడాది సెప్టెంబరులో ఉచిత డిక్రిప్టర్ విడుదల చేసింది. హైవ్ ముఠా సర్వర్లలోకి 2022లో రహస్యంగా ప్రవేశించిన అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ, అప్పటికి దాడికి గురవుతున్న 300 మందికి పైగా బాధితులకు కీలు అందజేసింది. ఒక డిస్కును అలమరలో ఉంచి, ఆరు నెలలకోసారి నో మోర్ రాన్సమ్ సైటు చూడడానికి ఖర్చేమీ లేదు.

ఇతర మార్గాలు

డిక్రిప్టర్ కోసం చూస్తూనే, ఆ ఫైళ్లు వేరే చోట ఉన్నాయేమో వెతకాలి. వన్‌డ్రైవ్ చందాదారులు మొత్తం డ్రైవ్‌ను గత 30 రోజుల్లో ఏ సమయానికైనా వెనక్కి తీసుకెళ్లవచ్చు. గూగుల్ డ్రైవ్‌లోనూ ఫైలు పాత వెర్షన్లు 30 రోజులు ఉంటాయి. ఈ గడువు నడుస్తూనే ఉంటుంది కాబట్టి, కంప్యూటర్ శుభ్రపడేదాకా ఆగకుండా మరో పరికరం నుంచి వెంటనే చూడాలి. పంపిన ఈమెయిళ్ల అటాచ్‌మెంట్లు, వాట్సాప్‌లో పంచుకున్న పత్రాలు, పాత ఫోన్లు, పాత ల్యాప్‌టాప్, కెమెరా మెమరీ కార్డు, ఇవన్నీ కలిపితే పోయాయనుకున్నవాటిలో గణనీయమైన భాగం దొరకవచ్చు. కొన్ని రాన్సమ్‌వేర్‌లు కొత్త ఫైలు రాసి పాతదాన్ని చెరుపుతాయి. అటువంటప్పుడు తిరిగే పళ్లేల పాత తరహా హార్డ్ డిస్కుల నుంచి, చెరిపిన ఫైళ్లను వెలికితీసే సాధనాలతో కొన్ని రాబట్టవచ్చు. ఎస్‌ఎస్‌డీలలో ట్రిమ్ అనే ప్రక్రియ ఖాళీ అయిన స్థలాన్ని వెంటనే తుడిచేస్తుంది కాబట్టి ఆ ఆశ తక్కువ.

డబ్బు కట్టాలా?

కట్టవద్దన్నదే నా సలహా, పోలీసు విభాగాల సలహా కూడా అదే. కట్టినంత మాత్రాన ఫైళ్లు వస్తాయన్న హామీ లేదు. 2017 జూన్ 27న ఉక్రెయిన్‌లో మొదలై ప్రపంచమంతా పాకిన నాట్‌పెట్యా, రాన్సమ్‌వేర్ లాగే కనిపించినా, తెర మీద చూపిన ఐడీ యాదృచ్ఛికంగా పుట్టించిన అక్షరాలే కాబట్టి, దాన్ని తయారుచేసినవారికి కూడా ఫైళ్లను తెరవడం సాధ్యం కాదు. 2021 మేలో అమెరికాలోని కలోనియల్ పైప్‌లైన్ సంస్థ దాదాపు 44 లక్షల డాలర్లు చెల్లించి డిక్రిప్టర్ తెచ్చుకున్నా, అది చాలా నెమ్మదిగా నడవడంతో సొంత బ్యాకప్‌ల మీదే ఆధారపడవలసి వచ్చింది. 2019లో మేజ్ ముఠా మొదలుపెట్టిన పద్ధతిని అనుసరించి, ఇప్పుడు అనేక ముఠాలు ఎన్‌క్రిప్ట్ చేసే ముందే సమాచారాన్ని దొంగిలించి, డబ్బు కట్టకపోతే బయటపెడతామంటున్నాయి. దొంగిలించిన సమాచారాన్ని డబ్బు తీసుకున్నాక నిజంగా చెరిపేశారో లేదో తెలుసుకునే మార్గం ఎవరికీ లేదు. ఆంక్షల జాబితాలో ఉన్న ముఠాలకు చెల్లించడం కొన్ని దేశాల్లో చట్టరీత్యా నేరం కూడా.

అయినా రోగుల ప్రాణాలు ఆధారపడిన ఆసుపత్రి వంటి చోట, బ్యాకప్ ఏదీ మిగలనప్పుడు, నిర్ణయం ఇంత తేలిక కాదని నాకు తెలుసు. అటువంటివారు న్యాయ సలహా తీసుకుని, పోలీసులకు తెలిపి, రెండు మూడు ఫైళ్లను నమూనాగా తెరిచి చూపించమని అడిగాకే ముందుకు వెళ్లాలి. కట్టినా కట్టకపోయినా ఫిర్యాదు మాత్రం ప్రతి ఒక్కరూ చేయాలి. ముఠాలను పట్టుకోవడంలో, కీలు రాబట్టడంలో బాధితుల ఫిర్యాదుల నుంచి దొరికే నోట్‌లు, చిరునామాలు ఉపయోగపడతాయి.

శుభ్రం చేసి, తిరిగి నిలబెట్టడం

ఫైళ్ల నకలు భద్రంగా చేతిలో ఉందని నిర్ధారించుకున్నాకే ఈ దశకు రావాలి. ఆఫ్‌లైన్ స్కాన్‌తో (విండోస్ మొదలవకముందే చేసే స్కాన్‌తో) వైరస్‌ను తొలగించవచ్చు కానీ, డిస్కును పూర్తిగా చెరిపి విండోస్‌ను అధికారిక ఇన్‌స్టాలర్‌తో కొత్తగా వేయడమే నమ్మదగిన పద్ధతి. స్టాప్ వంటివి కొన్ని నిమిషాలకోసారి తమను మళ్లీ నడిపే షెడ్యూల్డ్ టాస్క్‌ను పెడతాయి, భద్రతా సైట్లు తెరుచుకోకుండా హోస్ట్స్ ఫైలును మారుస్తాయి. ఇవి మిగిలిపోతే, కష్టపడి తిరిగి తెచ్చిన ఫైళ్లు మళ్లీ ఎన్‌క్రిప్ట్ అవుతాయి.

స్టాప్‌తోపాటు తరచుగా పాస్‌వర్డ్‌లు దొంగిలించే మరో ప్రోగ్రామ్ కూడా వస్తుంది. అందువల్ల బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లన్నీ పరుల చేతిలో ఉన్నట్టే భావించి, శుభ్రమైన మరో పరికరం నుంచి వాటిని మార్చాలి. ముందుగా ఈమెయిల్, ఆ తర్వాత బ్యాంకు, మిగతావి తర్వాత. పాస్‌వర్డ్ మార్చడంతోపాటు అన్ని పరికరాల నుంచి లాగ్‌అవుట్ అయ్యే ఎంపికను కూడా వాడాలి, ఎందుకంటే దొంగిలించిన కుకీలతో (లాగిన్ అయి ఉన్నామని బ్రౌజర్ గుర్తుంచుకునే చిన్న ఫైళ్లతో) పాస్‌వర్డ్ లేకుండానే ఖాతాలోకి ప్రవేశించవచ్చు.

వైరస్ ఎలా వచ్చిందో తేలకముందే కంప్యూటర్‌ను నెట్‌వర్క్‌లోకి తిరిగి చేర్చడం ప్రమాదకరం. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్, బిల్లు పేరుతో వచ్చిన అటాచ్‌మెంట్, బలహీనమైన పాస్‌వర్డ్‌తో ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచిన రిమోట్ డెస్క్‌టాప్ (దూరం నుంచి కంప్యూటర్‌ను నడిపే సౌకర్యం), వేయకుండా వదిలేసిన అప్‌డేట్, ఎక్కువ కేసుల్లో ఈ నాలుగింటిలో ఒకటి కారణమవుతుంది. వానాక్రై వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14నే సవరణ విడుదల చేసింది. దాడి జరిగింది దాదాపు రెండు నెలల తర్వాత. కలోనియల్ పైప్‌లైన్‌లోకి నేరగాళ్లు ప్రవేశించింది, ఎవరూ వాడని, రెండో అంచె ధృవీకరణ లేని ఒక పాత వీపీఎన్ (బయటి నుంచి సంస్థ నెట్‌వర్క్‌లోకి చేరే మార్గం) ఖాతా ద్వారా. ఫైళ్ల అసలు ఎక్స్‌టెన్షన్లు కనిపించేలా విండోస్‌లో సెట్టింగ్ మార్చుకుంటే, పీడీఎఫ్ అనిపించే ఫైలు చివర ఈఎక్స్‌ఈ ఉందని, అంటే అది పత్రం కాదు ప్రోగ్రామ్ అని, ముందే కనిపెట్టవచ్చు. విండోస్ 10లో 2017 నుంచి ఉన్న కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్, తెలియని ప్రోగ్రామ్‌లు ముఖ్యమైన ఫోల్డర్లలో మార్పులు చేయకుండా అడ్డుకుంటుంది కానీ, దాన్ని మనమే ఆన్ చేసుకోవాలి.

బ్యాకప్ విషయంలో మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే చోట అన్న నియమం అందరూ చెప్పేదే. రాన్సమ్‌వేర్ దృష్ట్యా దానికి ఒక షరతు చేర్చాలి: కనీసం ఒక ప్రతి, రాసుకోవడం పూర్తయిన వెంటనే కంప్యూటర్ నుంచి విడిపోయి ఉండాలి. ఎప్పుడూ తగిలించి ఉండే డిస్కు, ఫైళ్లతోపాటే ఎన్‌క్రిప్ట్ అవుతుంది. రెండు డిస్కులను మార్చి మార్చి వాడితే, ఒకటి తగిలించి ఉన్న సమయంలో దాడి జరిగినా రెండోది మిగులుతుంది. ఆ బ్యాకప్ నుంచి మూడు నెలలకోసారి ఏదో ఒక ఫోల్డర్‌ను వేరే కంప్యూటర్‌లోకి తిరిగి తెచ్చి, అందులోని ఫైళ్లను ఒక్కొక్కటిగా తెరిచి చూడాలి.